ఉత్తుత్తి బామ్మర్ది

టైర్లలో గాలి చూడాలి. బ్రేకు నూనె పాతది తీసేసి కొత్తది పొయ్యాలి. ట్యాంకులో పెట్రోలు సగానికి తేవాలి. కొత్త డ్రైవరు కాళ్ళు పొట్టివట, సీటు రెండు బెజ్జాలు ముందుకు జరపాలి. బెల్టులు మార్చాలి. తలుపు మీదున్న పాత పేరు గీకెయ్యాలి. చక్రాల వాలు కొలవాలి. ఇవన్నీ అయ్యాక, ఆఖరున, వెనక అడ్డకడ్డీ లింకులు సరిచెయ్యాలి.

అడ్డకడ్డీ అంటే మరేం లేదు. దాని అసలు పేరు స్వే బార్. స్పోర్ట్స్ కారు వెనక భాగంలో ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా అడ్డంగా పడుకుని ఉండే ఉక్కు కడ్డీ. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. దానికి రెండు కొసల్లోనూ జానెడేసి లింకులు. లింకు నడుమ ఉన్న గొట్టాన్ని ఇటు తిప్పితే పొడుగవుతుంది, అటు తిప్పితే పొట్టిదవుతుంది. రెండు లింకులూ కుదిరితే, బండి నిలబడి ఉన్నంతసేపూ కడ్డీ ఏ భారమూ లేకుండా నిద్రపోతున్నట్టు ఉంటుంది. కుదరకపోతే నిలబడ్డ బండిలోనే మెలితిరిగి ఉంటుంది. అలాంటి బండి ఎడమ మలుపులో ఆవు, కుడి మలుపులో పులి. రోజూ ఆఫీసుకి వెళ్ళే కారులో ఆ తేడా ఎవరికీ తెలియదు. పందెం కారులో తెలిసేలోపే గోడ వచ్చేస్తుంది.

ఇల్లంతా ఊడ్చాకే గుమ్మం తుడుస్తారు కదా, అలాగ ఆ పని ఎప్పుడూ ఆఖరునే. గాలి తగ్గినా, పెట్రోలు పెరిగినా, సీటు జరిగినా బండి నిలబడే తీరు వెంట్రుకవాసి మారుతుంది. లింకు ఆ వెంట్రుకవాసిని కూడా పట్టేస్తుంది.

మెకానిక్ పొద్దున్నే షెడ్డు తలుపులు తీసి, కారుని, కింద నిలబడి పని చేసుకునే గుంట మీదికి తోసి, ఒక్కొక్క పనే మొదలుపెట్టాడు. చేతులు పని చేస్తున్నాయిగానీ మనసు మాత్రం మూలనున్న రెండు సంచుల దగ్గరే ఉంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అంది.

"ఆ సంచులు సాయంత్రం ఇంటికి తెచ్చెయ్యండి. ఎలా ఉన్నవి అలాగే. ఎవ్వర్నీ ముట్టుకోనివ్వకండి."

"అలాగే," అన్నాడు.

అనడానికేం, నోటికి ఎముక లేదు.  ఆ సంచుల సంగతి ఆమెకు తెలిసింది సగమే.

ఆ రెండు సంచులూ ఆమె చేత్తో కుట్టినవే. లారీల మీద కప్పే మందపాటి పట్టా గుడ్డ తెచ్చి ఇస్తే, సూదులు విరగ్గొట్టుకుంటూ కుట్టింది. వాటిలో ఇసక పోసి, షెడ్డులో ఉన్న కాటా మీద తూచి, సరిగ్గా ఆమె తమ్ముడి బరువుకి నింపారు. ఒకటి సీటులో కూర్చోడానికి, ఒకటి వీపుకి ఆనడానికి. ఎందుకంటే లింకులు బిగించేటప్పుడు సీటు ఖాళీగా ఉండకూడదు. అది ఆ షెడ్డు పద్ధతి. ఖాళీ సీటుతో బిగిస్తే లింకు బండికి కుదిరినట్టు, నడిపేవాడికి కాదు. డ్రైవరు బరువు సీటులో ఉండగా, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా, లింకు బోల్టు వేలితో తోస్తే లోపలికి జారిపోవాలి. సుత్తి కోసం చెయ్యి వెళ్ళిందంటే పని తప్పినట్టే.

తమ్ముడే స్వయంగా కూర్చోవచ్చు. మొదట్లో కూర్చునేవాడు కూడా. కానీ వాడు ఒకచోట కూర్చునే రకం కాదు. వాణ్ణి కూర్చోబెట్టడమంటే కోతికి నగ తొడగడమే. కింద గుంటలో బావ గొట్టం పావు చుట్టు తిప్పుతుంటే పైన వాడు పాటకి తాళం వేసేవాడు, బండి ఊగేది, కుదిరింది కాస్తా పోయేది.

"ఒరేయ్, నీ పిర్రల కింద చీమలేమన్నా ఉన్నాయిరా?"

"చీమలు కాదు బావా, ఆకలి. అక్క పంపిన డబ్బా ఎక్కడ పెట్టావ్?"

అందుకే సంచులు. వాటిని సీటులో పెట్టి, బెల్టు కట్టి, పైన పాత హెల్మెట్టు బోర్లించి, బావ దానికి 'ఉత్తుత్తి బామ్మర్ది' అని పేరు పెట్టాడు. "నీకన్నా వీడే నయం. కూర్చోమంటే కూర్చుంటాడు, తిండి అడగడు, మీ అక్కకి చాడీలు చెప్పడు," అనేవాడు. అసలు బామ్మర్ది ఆ సంచి భుజం మీద చెయ్యేసి, "అన్నయ్యా, ఈయన మాటలు పట్టించుకోకు," అనేవాడు.

అసలువాడి పేరు గుమ్మడి. చిన్నప్పుడు బొద్దుగా ఉంటాడని అక్క పెట్టిన పేరు. తల్లి పోయేనాటికి వాడికి ఊహ తెలియదు, అక్కకి అప్పుడప్పుడే తెలుస్తోంది. చంకనెత్తుకుని మోసి మోసి ఆమె నడుము ఒక పక్కకే వంగిందని ఇంట్లో అనుకునే మాట. ఆమె కాపురానికి వచ్చినప్పుడు వెంట రెండు పెట్టెలు, ఒక తమ్ముడు వచ్చారు. "పెట్టెలు రెండూ ఎప్పుడో తుప్పుపట్టి పోయాయి, మూడో శాల్తీయే ఇంకా తింటోంది," అని మెకానిక్ అందరితో చెప్పి నవ్వించేవాడు. వాడికి నట్టు పట్టడం నేర్పిందీ, క్లచ్చు తొక్కడం నేర్పిందీ అతనే. వాడు పందేలకి ఎక్కాక, కారు తలుపు మీద ఇంటిపేరూ అసలు పేరూ వద్దని, పట్టుబట్టి 'గుమ్మడి' అనే రాయించుకున్నాడు.

ఇప్పుడు ఆ పేరు మీద వేడిగాలి కొడుతున్నాడు మెకానిక్. అంటించిన అక్షరాల అంచులు లేచాయి. బ్లేడు కింద పెట్టి లాగితే ఒక్కొక్క అక్షరం చుట్టుకుంటూ ఊడి వచ్చింది. ఆఖరి గుడి మాత్రం రాలేదు. గోటితో గీకి గీకి తీశాడు. ఊడిన చోట రంగు ఎండకి వెలిసిపోకుండా కొత్తగా ఉంది. అక్షరాలు పోయినా పేరు చదవడానికి వస్తోంది.

*

కారు ఓనరు మధ్యాహ్నం వచ్చాడు. చెడ్డవాడు కాదు. గుమ్మడి కోసం ఆస్పత్రికి పళ్ళు తెచ్చాడు, ఆ తర్వాత ఇంటికి వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళాడు. కానీ బండి ఊరికే నిలబడితే అతనికి నిద్ర పట్టదు.

"ఎంతవరకు వచ్చింది మేస్త్రీ?"

"అయిపోవచ్చింది సార్."

"కొత్తమ్మాయి పొద్దున్నే వచ్చేస్తుంది. వస్తూనే ట్రాకు మీదికి తీసుకెళ్తానంటోంది. వెనక లింకులు అయ్యాయా?"

లింకుల జోలికే వెళ్ళలేదు. వెళ్ళాలని రెండుసార్లు గుంటలోకి దిగాడు. స్పానరు నట్టుకి ఆనించాడు. ఆనించి, అలాగే నిలబడి, మళ్ళీ పైకి వచ్చేశాడు.

"అయ్యాయి సార్," అన్నాడు.

ఓనరు కారు పైకప్పు మీద రెండుసార్లు చరిచి వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు షెడ్డులో చాలాసేపు ఉన్నట్టనిపించింది.

ఇంతకుముందు ఆ మనిషి పని మీద ఎన్నడూ అబద్ధం ఆడింది లేదు. చేతగానిది చేతకాదన్నాడు, ఆలస్యమైతే ఆలస్యమన్నాడు. ఇవాళ ఎందుకన్నాడంటే, ఆ బోల్టు ఆఖరిసారి దూర్చినప్పుడు సీటులో సంచులు లేవు. వాడే ఉన్నాడు. చివరి పందెం ముందు, ఎందుకో వాడే వచ్చి కూర్చున్నాడు. పాట లేదు, తాళం లేదు. కుదురుగా కూర్చున్నాడు. గుంటలోంచి బావకి, బండి పక్కన వాడు విడిచిన చెప్పుల అంచులు మాత్రం కనిపిస్తున్నాయి.

"దూరిందా బావా?"

"దూరింది రా. ఇవాళేంటి, బుద్ధిమంతుడివైపోయావ్?"

"ఓపిక లేదు బావా," అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ బోల్టు అలాగే ఉంది. ఆ కడ్డీ ఇంకా వాడి బరువుకే నిద్రపోతోంది. విప్పితే ఇక ఆ బరువు ఈ లోకంలో ఎక్కడా ఉండదు. ఏడు కిలోల తేడా, ఏమంత తేడా, మొదటి రోజు నెమ్మదిగానే నడుపుతుందిలే, తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు అని తనకి తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే అది తప్పుడు మాట అని తెలుసు. ఆ అమ్మాయి ముందురోజు ఫోనులో తన బరువు చెప్పింది, హెల్మెట్టుతో కలిపి అరవై ఎనిమిది. చెప్పి, "అన్నా, ఇది నా మొదటి పెద్ద బండి. నాకు పెద్ద తెలివితేటలేం లేవు. ఎడమకీ కుడికీ ఒకేలా తిరిగితే చాలు, మిగతా తంటాలు నేను పడతా," అంది.

గుమ్మడి చివరి పందేనికి అరవై ఒకటి. మొదట్లో డెబ్భై నాలుగు.

*

ఇక్కడే ఉంది, మెకానిక్ భార్యకి తెలియని రెండో సగం.

ఒక పందెం ముందు ఉత్తుత్తి బామ్మర్దిని కూర్చోబెట్టి లింకులు కుదిర్చాడు. ట్రాకు మీద నాలుగు చుట్లు తిరిగి వచ్చిన గుమ్మడి, కుడి మలుపులో వెనక భాగం చిలిపిగా జారుతోంది అన్నాడు. బావకి చిర్రెత్తుకొచ్చింది. వాణ్ణే కూర్చోమని, గుంటలోకి దిగి బోల్టు తీసి మళ్ళీ తోశాడు. దూరలేదు.

"ఒరేయ్, సరిగ్గా కూర్చో. పక్కకి ఒరిగావేంటి?"

"సరిగ్గానే కూర్చున్నా బావా. దేవుడి మీద ఒట్టు."

కడ్డీ వంగిందేమో అని చూశాడు. స్ప్రింగు కుంగిందేమో అని చూశాడు. ఏదీ కాదు. చివరికి అనుమానం వచ్చి వాణ్ణి కాటా ఎక్కించాడు. మూడు కిలోలు తక్కువ.

అప్పుడు ఆ షెడ్డులో ఏం జరిగిందంటే, అందరూ సంతోషించారు.

ఇది బయటి వాళ్ళకి అర్థం కాదు. కారులోంచి ఒక్క కిలో తీసెయ్యడానికి ఆ పనివాళ్ళు పడే పాట్లు చూస్తే తెలుస్తుంది. తలుపుల లోపలి అట్టలు పీకేస్తారు, బోల్టులకి కూడా నడుమ బెజ్జాలు పొడుస్తారు. అలాంటిది డ్రైవరే మూడు కిలోలు తగ్గి వచ్చాడు. ఓనరు వాడి వీపు తట్టి, "చూడు మేస్త్రీ, నువ్వు నెలంతా కుస్తీ పట్టినా కానిది వీడు అన్నం తగ్గించి చేశాడు," అన్నాడు. గుమ్మడి రొమ్ము విరుచుకుని నవ్వాడు. వాడు నిజంగానే తిండి తగ్గించాడు. కడుపులో ఏదో మెలిపెడుతుంటే అది ఆకలే అనుకున్నాడు. "ఆకలి అలవాటవ్వాలి బావా, ఆటగాడికి," అనేవాడు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని.

బావ సంచి మూతి విప్పి మూడు కిలోల ఇసక తీశాడు. పారబొయ్యడం దేనికని, నిప్పు అంటుకుంటే చల్లడానికి గోడకి వేలాడదీసిన ఎర్ర బకెట్లలో పోశాడు. "ఉత్తుత్తి బామ్మర్ది కూడా పత్యం మొదలుపెట్టాడు," అన్నాడు. అందరూ నవ్వారు.

తర్వాత మళ్ళీ తీశాడు. మళ్ళీ తీశాడు. బండి వేగం పెరిగింది. గుమ్మడి రెండు పందేలు గెలిచాడు. సంచులు చంకలు వాలిన చొక్కాల్లా వేలాడాయి. షెడ్డు వెనక పంపు దగ్గర వాడు ఒకసారి వాంతి చేసుకుంటుంటే బావ చూశాడు. "ఎండ బావా," అన్నాడు వాడు. నిజమే, ఎండగానే ఉంది.

పదమూడు కిలోలు. మనిషిలోంచి కొంచెం కొంచెంగా పోతుంటే, తూచి, అంతే ఇసక తీసి, బకెట్లో పోసి, మూతి బిగించి కట్టిన చెయ్యి తనదే. ఆ ఇంట్లో ఎవరికీ తెలియని లెక్క ఆ చేతికి తెలుసు. కానీ ఆ చేతికి అది బండి లెక్కలాగే కనిపించింది.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు కడుపులో గడ్డ అన్నాడు. ముదిరిపోయింది అన్నాడు. "ఇంత చిక్కిపోతుంటే ఇంట్లో ఎవరూ చూడలేదా?" అని అడిగాడు. 

*

భార్య ఆ సంచులు ఎందుకు అడిగిందో మెకానిక్‌కి తెలుసు. నెల మాసికం కూడా పెట్టనివ్వకుండా, ఎవరింటికీ వెళ్ళకుండా, ఆమె ఒక మూల కూర్చుని ఒకటే మాట అనేది. "ఆస్పత్రిలో చూసినవాడు వాడు కాదు. ఆ ఎముకల పోగు నా తమ్ముడు కాదు. మా గుమ్మడి ఆ సంచుల్లో ఉన్నాడు." ఆమె దృష్టిలో అవి కుట్టి ఇచ్చిన రోజున ఎంత బరువున్నాయో ఇప్పటికీ అంతే. ఒకసారి ఎత్తి ఒళ్ళో పెట్టుకోవాలని ఆమె కోరిక. అంతకన్నా ఏమీ అడగలేదు.

సాయంత్రం ఎండ తలుపు కిందనుంచి లోపలికి వచ్చేసరికి, మెకానిక్‌కి ఒక దారి తోచింది. బకెట్లలో ఇసక ఉంది. తీసిందంతా మళ్ళీ సంచుల్లో పోసి, డెబ్భై నాలుగుకి తూచి, మూతి కట్టి, ఇంటికి తీసుకెళ్ళి ఆమె ముందు పెడితే సరి. ఆమెకి తెలియదు. తెలియాల్సిన అవసరం ఏముంది? లింకులు అయ్యాయని ఎలాగూ చెప్పేశాడు.

మొదటి బకెట్టు దింపాడు. సంచి మూతి విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో తోడి పోస్తున్నాడు. తలుపు దగ్గర వెలుగు తగ్గింది.

"ఏం చేస్తున్నారు?"

భార్య. ఆలస్యమైందని తనే బయల్దేరి వచ్చింది. తమ్ముడు పోయాక ఆ షెడ్డులో అడుగు పెట్టడం ఇదే మొదలు.

"మరేం లేదు. కొంచెం కారింది, నింపుతున్నా."

ఆమె దగ్గరికి వచ్చి సంచి చుట్టూ నేల చూసింది. ఎక్కడా ఇసక కారిన జాడ లేదు. వంగి, అతను ఇంకా ముట్టని రెండో సంచిని రెండు చేతులతో ఎత్తింది. ఎత్తుతుందని అతను అనుకోలేదు. వద్దనేలోపే అది ఆమె చంకలో ఉంది. పిల్లవాణ్ణి ఎత్తుకునే అలవాటున్న చంక అది.

ఆమె మొహం మారిపోయింది.

"నేను కుట్టిన నాడు ఇది నా వల్ల లేవలేదు. మీరూ వాడూ కలిసి మోశారు. ఇంత తేలికెలా అయింది?"

అతను పట్టుకున్న సంచి మూతి వదిలేశాడు.

"ఎవరు తీశారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"వాడు తగ్గినప్పుడల్లా."

ఆమె సంచిని కింద పెట్టలేదు. అలాగే చంకలో పెట్టుకుని గోడకున్న ఎర్ర బకెట్ల వంక చూసింది. ఒక్కొక్కటే చూసింది. నిండుగా ఉన్నాయి.

"అయితే మీకు తెలుసు," అంది. గొంతు పెంచలేదు. "నాకు రోజూ కనిపించేవాడు, కంటికి అలవాటైపోయాడు, నాకు తెలియలేదు. మీరు తూచారు. తూచి కూడా ఊరుకున్నారు."

"అందరం మంచిదే అనుకున్నాం. బండి తేలికైందని..."  ఆ మాట బయటికి అంటే ఎంత నీచంగా ఉంటుందో అతనికి అప్పుడే వినపడింది.

ఆమె సంచిని ఇంకో చంకకి మార్చుకుంది. బయట ఎవరో సైకిలు తోసుకుంటూ వెళ్ళారు.

"నేను వాడి ప్యాంట్ల నడుము కుట్టి కుట్టి బిగించాను," అంది చివరికి. "ఎన్నిసార్లో గుర్తు లేదు. సన్నబడ్డావురా, సినిమా హీరోలా ఉన్నావు అన్నాను. అన్నం తక్కువ పెట్టక్కా అంటే తక్కువే పెట్టాను. మారు వడ్డిస్తే కోప్పడతాడని గిన్నె లోపల పెట్టేసేదాన్ని." ఆమె ఏడవలేదు. "మీ చేతికి కాటా, నా చేతికి సూది. వాడు మన ఇద్దరి చేతుల్లోంచీ కారిపోయాడు."

అప్పుడు ఫోను మోగింది. చేతికి ఇసక ఉండటంతో స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు. కొత్త డ్రైవరు.

"అన్నా, సార్ చెప్పారు, లింకులు అయిపోయాయటగా. థాంక్స్ అన్నా. ఇవాళ నిద్ర పట్టేట్టు లేదు నాకు. మా ఇంట్లో నవ్వుతున్నారు, పెళ్ళిచూపులకి కూడా ఇంత హడావుడి పడలేదని." తనే నవ్వింది. "ఎడమకీ కుడికీ ఒకటేగా అన్నా?"

మెకానిక్ భార్య వైపు చూశాడు. ఆమె అతని వైపే చూస్తోంది. ఆ చూపులో దయ లేదు. అతను ఏమంటాడో వినడానికి నిలబడింది, అంతే.

"కాలేదమ్మా," అన్నాడు. "సార్‌తో అబద్ధం చెప్పాను. లింకులు ఇంకా పాత బరువుకే ఉన్నాయి. ఇప్పుడు చేస్తాను. పొద్దున నువ్వు వచ్చాక, నువ్వే కూర్చుని, నేను గుంటలోంచి వీడియో కాల్‌లో నీ కళ్ళముందు బోల్టు తీసి దూర్చి చూపించేదాకా బండి ఎక్కకు. నేను చేశానన్నా నమ్మకు. చూశాకే ఎక్కు."

 "సరే అన్నా," అంది. ఫోను పెట్టేసింది.

"ఆ అమ్మాయి ఎంత బరువు?" అని అడిగింది భార్య.

"అరవై ఎనిమిది."

"ఇప్పుడు ఇవి?"

"ఇందాక పొయ్యకముందు అరవై ఒకటి."

ఆమె చంకలోని సంచిని నెమ్మదిగా కాటా మీద పెట్టింది. రెండో సంచి దాని పక్కన పెట్టింది. చీర చెంగు నడుముకి దోపి, గోడ దగ్గరికి వెళ్ళి రెండో బకెట్టు తనే దింపింది. అతను సాయానికి లేవబోతే, "మీరు మూతి పట్టుకోండి," అంది.

ఆమె దోసిళ్ళతో తోడి పోసింది. డబ్బాతో పొయ్యొచ్చు, తొందరగా అయ్యేది. దోసిళ్ళతోనే పోసింది. కాటా ముల్లు కొంచెం కొంచెం జరుగుతోంది. అరవై మూడు. అరవై అయిదు. ఇసకలో ఒక ఎండిన ఆకు వస్తే తీసి పక్కన పెట్టింది. ముల్లు అరవై ఎనిమిది మీదికి రాగానే చేతులు దులుపుకుంది. బకెట్టు అడుగున ఇంకా మిగిలి ఉంది.

ఇద్దరూ కలిసి సంచులు మోసి సీటులో కూర్చోబెట్టారు. బెల్టు ఎలా పెట్టాలో ఆమెకి తెలియదు, అతను పెట్టాడు. పాత హెల్మెట్టు మేకుకి వేలాడుతోంది. దాని జోలికి ఇద్దరూ వెళ్ళలేదు.

"నేనేం చెయ్యాలి?"

"నేను కిందికి దిగి బోల్టు తీస్తాను. తీశాక, నువ్వు వెనక నిలబడి రెండు చేతులతో బండిని కిందికి నొక్కి వదిలెయ్. ఊగి ఊగి దానంతటది నిలబడాలి. నేను చెప్పినప్పుడల్లా."

గుంటలోకి దిగాడు. స్పానరు నట్టుకి ఆనించాడు. ఈసారి పైకి రాలేదు. నట్టు గట్టిగా పట్టేసి ఉంది. తానే బిగించాడు కదా, గట్టిగానే బిగించాడు. బలమంతా పెడితే కీచుమని వదిలింది. బోల్టు లాగాడు. కడ్డీ కొస చిటికెన వేలంత కిందికి జారి ఆగింది. ఆ జారడం అతను చూశాడు. దాన్ని గురించి తర్వాత ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు.

"నొక్కు."

బండి కిందికి దిగి పైకి లేచింది. గొట్టం అర చుట్టు తిప్పాడు. బోల్టు తోశాడు. దూరలేదు. పావు చుట్టు. "నొక్కు." దూరలేదు. కంట్లోకి చెమటో ఏదో దిగింది, మోచేత్తో తుడుచుకున్నాడు. ఇంకో పావు. "నొక్కు." కారు కిందనుంచి ఆమె పాదాలు కనిపిస్తున్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. నొక్కినప్పుడల్లా వేళ్ళ మీద లేచి నిలబడుతోంది.

వెనక్కి వెంట్రుకవాసి. బోల్టు కొస బెజ్జంలో ఆనించి చూపుడు వేలితో తోశాడు. వెన్నలో కత్తిలా జారిపోయింది.

 పైనుంచి ఆమె అడిగింది, ఎవరూ నేర్పకుండానే, తెలియకుండానే.

"దూరిందా?"

మెకానిక్ గుంట గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. 

"దూరింది."

నట్లు రెండు వైపులా బిగించి పైకి వచ్చేసరికి ఆమె చేతులు కడుక్కుంటోంది. సంచులు సీటులోనే ఉన్నాయి. అవి ఇక ఇంటికి రావని ఇద్దరికీ తెలుసు. అవి ఇప్పుడు ఆమె తమ్ముడు కాదు, ఎవరో ఇంటి పిల్ల. మిగిలిన ఇసకంతా ఒక్క బకెట్టులోకి పోస్తే ఆరు కిలోలు. అది ఎవరి బరువూ కాదు.

"అదైనా తీసుకెళ్దామా?" అన్నాడు మెకానిక్.

ఆమె ఆ బకెట్టుని తనే ఎత్తి గోడకి తగిలించింది. "ఉండనివ్వండి. మంటకి పనికొస్తుంది," అంది. "ఇక నేను ఈ షెడ్డుకి రాను," అంది.

 ఆ రోజే కాదు, తర్వాత కూడా ఆమె అతన్ని క్షమించానని అనలేదు, అతనూ అడగలేదు. అన్నం మాత్రం ఆమె ఎదురుగా కూర్చుని వడ్డించేది. వద్దన్నా ఇంకో గరిటె వేసేది.

పొద్దున కొత్త డ్రైవరు వచ్చింది. చెప్పినట్టే కూర్చుంది. అతను గుంటలోంచి వీడియో కాల్‌లో ఆమె కళ్ళముందు బోల్టు తీసి, వేలితో తోసి చూపించాడు. తలుపు మీద గీకేసిన పేరు ఎండలో కనిపిస్తే, "ఇదేంటన్నా, గుమ్మడా?" అని అడిగింది. "అవునమ్మా," అన్నాడు.  బండి వెళ్ళింది, ఎడమకి తిరిగింది, కుడికి తిరిగింది. రెండూ ఒకేలా ఉన్నాయని వచ్చి చెప్పింది.

ఇంతదాకా చదివిన మీకు ఒక్క మనవి. ఎప్పుడైనా ఏ గోడకైనా ఎర్ర బకెట్టులో ఇసక కనిపిస్తే, గుమ్మడి అనే ఒకడుండేవాడని తలుచుకోండి. గెలిచిన పందేలు అక్కర్లేదు. ఆస్పత్రి మంచం అసలే వద్దు. సీటులో కుదురుగా కూర్చోలేక పాటకి తాళం వేస్తూ, డబ్బా ఎక్కడ పెట్టావు బావా అని అడిగిన బొద్దుగా ఉన్నవాణ్ణి తలుచుకోండి. వాళ్ళక్క కోరింది కూడా అదే.